సీట్లు మార్చాక ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదా? బల్బు పీకించకండి, సీటు కిందకి వంగి చూడండి

ముందు సీట్లు రెండూ మార్పించారు, ఆ రోజు నుంచి ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదు, మెకానిక్ ఏమో "ఏం కాదు సార్, బల్బు తీసేస్తే సరి" అంటున్నాడు, తీయించేయమంటారా అని అడిగారు. వద్దండీ. సరిగ్గా ఇదే తంతు నాకూ జరిగింది, కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

నాది 2017 మోడల్ హ్యాచ్‌బ్యాక్, టాప్ వేరియంట్. స్టీరింగ్‌లో, డాష్‌బోర్డులో ఉండేవి కాక ముందు సీట్ల పక్కల్లో కూడా ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్నాయి. వారం వారం విజయవాడ నుంచి రాజమండ్రి తిరిగి తిరిగి డ్రైవర్ సీటు ఫోమ్ గుంట పడిపోయింది, దాంతో నడుం నొప్పి. ఆటోనగర్‌లో ఒక పాత సామాన్ల కొట్టులో అదే మోడల్ సీట్లు, కొత్తవాటిలా ఉన్నవి దొరికాయి. నా సీట్లు ఇచ్చేసి పైన ఆరు వేలు ఇస్తే బిగించి ఇస్తానన్నాడు. బేరం బాగుందనుకున్నాను.

మే నెల, మిట్టమధ్యాహ్నం. సీట్లు ఊడదీసి బయట పెట్టారు. కారు లోపల పొయ్యిలా ఉంది, అద్దాలు దించుదామని తాళం తిప్పాను. అదే నా మొదటి తప్పు. అప్పుడేం తెలియలేదు. సీట్లు బిగించి, డబ్బులిచ్చి, బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూశాను, సీట్లో కూర్చున్న మనిషి ముందు గుండ్రటి బెలూన్ ఉన్న ఎర్ర బొమ్మ వెలుగుతోంది.

ఆ తాళం తిప్పడానికీ లైటుకీ సంబంధం ఏమిటంటే, ఎయిర్‌బ్యాగ్‌లకి విడిగా ఒక కంప్యూటర్ ఉంటుంది, చాలా కార్లలో గేర్ లీవర్ దగ్గర కన్సోల్ కింద ఉంటుంది. తాళం తిప్పిన ప్రతిసారీ అది ఒక్కో ఎయిర్‌బ్యాగ్ వైర్లోకి చాలా కొద్దిపాటి కరెంటు పంపి, అటు వైపు బ్యాగ్ ఉందా లేదా అని చూసుకుంటుంది. సీటు ఊడదీసి ఉంటే కనెక్టర్ గాలిలో వేలాడుతుంది కదా, "బ్యాగ్ లేదు" అని ఒక కోడ్ రాసిపెట్టుకుంటుంది. తర్వాత మనం కనెక్టర్ పెట్టేసినా చాలా కార్లలో ఆ కోడ్ దానంతటది పోదు, స్కానర్‌తో, అంటే కారు కంప్యూటర్లోని కోడ్‌లు చదివి చెరిపే పరికరంతో, చెరపాలి. రాత్రంతా బ్యాటరీ తీసి ఉంచితే పోతుందని ఎవరో చెప్తే అదీ చేశాను. పొద్దున్నే లైటు నాకంటే ముందు లేచి కూర్చుంది.

ఆరొందలు పెట్టి ఆన్‌లైన్‌లో ఒక బ్లూటూత్ స్కానర్ కొన్నాను. ఫోన్లో "లోపాలు ఏమీ లేవు" అని చూపించింది, ఎదురుగా లైటు వెలుగుతూనే ఉంది! ఇలాంటి చవక స్కానర్లలో చాలావరకు ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి, అంటే 'పి' అక్షరంతో మొదలయ్యేవి. ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు 'బి'తో మొదలవుతాయి, వాటికి ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌తో మాట్లాడగల స్కానర్ కావాలి. మీరు ఆ ఆరొందలు తగలెయ్యకండి.

చివరికి మా వీధి చివర ఉండే కారు ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. పెద్దాయన, బాబాయ్ అంటాం. మంచి స్కానర్ ఉంది ఆయన దగ్గర. నాలుగు కోడ్‌లు చూపించింది. అన్నీ చెరిపాడు. రెండు పోయాయి, అవి సీటు బెల్టు బకిల్ వైర్లవి, మధ్యాహ్నం నేను తాళం తిప్పినప్పుడు రాసుకున్నవి. మిగతా రెండు రెప్పపాటులో మళ్లీ వచ్చాయి. "పాతదైతే చెరిపితే పోద్ది. మళ్లీ వచ్చిందంటే లోపం ఇప్పుడు కూడా ఉన్నట్టు. నీ సీటు పక్క బ్యాగ్‌లు రెండూ కనపడట్లేదంటోంది" అన్నాడు.

టార్చి వేసి సీటు కింద చూశాం. నేల మీంచి వచ్చే వైర్లలో ఒకటి పసుపు రంగుది. దాని కనెక్టర్‌ని సీట్లు బిగించినవాడు కార్పెట్ కిందికి నెట్టేశాడు. ఎందుకంటే పైన సీటుకి దాని జత లేదు! నేను కొన్నవి అదే మోడల్ సీట్లే గానీ కింది వేరియంట్‌వి, వాటిలో పక్క ఎయిర్‌బ్యాగ్‌లే లేవు. అసలు తేడా పైకే కనపడుతుంది. నా పాత సీటు వీపు భాగంలో, డోరు వైపు అంచున, కుట్టులోంచి బయటికి ఒక చిన్న గుడ్డ ట్యాగ్ ఉండేది, దాని మీద ఎయిర్‌బ్యాగ్ అని ఇంగ్లిషులో రాసి ఉండేది. కొత్తదానికి వట్టి కుట్టే ఉంది. ఏడేళ్లు ఆ ట్యాగ్ మోచేతికి తగులుతూనే ఉంది, ఒక్కసారీ దాని గురించి ఆలోచించలేదు.

మీరు ముందు చూడాల్సింది ఇదే. మీ పాత సీటుకి ఆ ట్యాగ్ ఉండేదా, కొత్తదానికి ఉందా. ఉండేది ఇప్పుడు లేదంటే ఎంత స్కాన్ చేయించినా లైటు ఆరదు.

ఇక్కడ మీకు ఇంకో సలహా కూడా వస్తుంది, నాకూ వచ్చింది. పసుపు కనెక్టర్లో ఒక చిన్న రెసిస్టర్, అంటే కరెంటుని కొంత అడ్డుకునే ముక్క, గుచ్చేస్తే లైటు పోతుందని. నిజంగానే పోతుంది. కంప్యూటర్ కొలిచేది రెసిస్టెన్సే కాబట్టి బ్యాగ్ ఉందని నమ్మేస్తుంది. పక్క నుంచి బండి గుద్దినప్పుడు మాత్రం ఆ రెసిస్టర్‌కి కరెంటు పంపి ఊరుకుంటుంది. బల్బు పీకడం ఇంతకంటే అన్యాయం. లైటు వెలుగుతున్నప్పుడు చాలా కార్లలో స్టీరింగ్ బ్యాగ్ కూడా పనిచేస్తుందన్న భరోసా లేదు. సీటు పక్క బ్యాగ్ ఒక్కటే పోయింది, మిగతావి ఉన్నాయిగా అనుకోకండి.

నేను మళ్లీ ఆటోనగర్ పరిగెత్తాను. అదృష్టం, నా పాత సీట్లు ఇంకా అమ్ముడుపోలేదు. కొట్టు కుర్రాడు డ్రైవర్ సీటుని పూర్తిగా వెనక్కి వాల్చుకుని దాని మీద నిద్రపోతున్నాడు. రెండు వేలు నష్టానికి నా సీట్లు నేనే కొనుక్కున్నాను. కుషన్ షాపులో కూర్చునే భాగానికి మాత్రం కొత్త ఫోమ్ వేయించాను. "నడుం దగ్గర కూడా ఒక పొర వేద్దాం సార్" అన్నాడాయన. వీపు భాగం ముట్టుకోవద్దన్నాను. బ్యాగ్ బయటికి రావాల్సింది ఆ కుట్టు చిరిగే. దాన్ని మామూలు గట్టి దారంతో మళ్లీ కుడితే బ్యాగ్ సమయానికి రాదు. సీటు కవర్లు కూడా అంతే, పక్కన బ్యాగ్ ఉన్న సీటుకి దానికోసం ప్రత్యేకంగా చేసినవే వేయాలి. రెక్సిన్‌తో చుట్టూ బిగించి కుట్టించిన కవర్లు చూడ్డానికి బాగుంటాయి, అంతే.

బిగించేటప్పుడు బాబాయ్ చేసినట్టే చేయించండి. తాళంచెవి బయటికి తీసేసి, పది నంబరు పానాతో బ్యాటరీ నెగెటివ్ తీసి, ఊరికే కూర్చున్నాం. టీ తాగి వచ్చే టైము, ఒక పది నిమిషాలు. యాక్సిడెంట్లో బ్యాటరీ తెగినా బ్యాగ్ తెరుచుకోవాలని ఆ కంప్యూటర్ కొంత చార్జి దాచుకుంటుంది, అది దిగిపోవాలి. తర్వాతే కనెక్టర్లు పెట్టి, లాక్ "టక్" అనేదాకా నొక్కి, బోల్టులు బిగించి, అప్పుడు బ్యాటరీ. అన్నీ అయ్యాక గానీ తాళం తిప్పనివ్వలేదు. స్కానర్‌తో కోడ్‌లు చెరిపాడు. లైటు వెలిగింది, ఐదారు సెకన్లకి ఆరిపోయింది. అప్పటి నుంచి మళ్లీ రాలేదు.

మీ సీట్లు సరైన వేరియంట్‌వే అయి, కనెక్టర్లు కూడా పెట్టి ఉంటే, సీటుని ముందుకీ వెనక్కీ జరిపి చూడండి. జరిపినప్పుడు లైటు వచ్చిపోతుంటే వైరు ఎక్కడో లాగుతోంది, లేదా పట్టాల్లో నలిగింది. కనెక్టర్ పూర్తిగా కూర్చోకపోవడం, లోపల తడి చేరడం, ఎలుకలు కొరకడం, ఇవన్నీ మన దగ్గర మామూలే. ఏం చేసినా మల్టీమీటర్ మాత్రం ఆ పసుపు వైర్లకి పెట్టకండి, ఆ మీటరు కరెంటుకే బ్యాగ్ పేలే ప్రమాదం ఉంది. ఈ సీట్లు యాక్సిడెంట్ బండివి కావచ్చేమో కూడా చూసుకోండి. పక్క బ్యాగ్ ఒకసారి తెరుచుకున్నాక కుట్టేసి అమ్మితే, ట్యాగ్ ఉంటుంది గానీ లోపల పనిచేసే బ్యాగ్ ఉండదు.

మీరు అమెరికాలో ఉండి అడుగుతుంటే ఇంకో సంగతి. అక్కడి కార్లలో డ్రైవర్ పక్క సీటులో మనిషి బరువు చూసే సెన్సర్ ఉంటుంది, దాన్ని బట్టే ఆ వైపు బ్యాగ్ తెరవాలా వద్దా అని నిర్ణయిస్తుంది. సీటు మారిస్తే చాలా కార్లలో దాన్ని ఖాళీ సీటుతో మళ్లీ సున్నాకి సెట్ చేయాలి, స్కానర్ లేకుండా కుదరదు. ఇక్కడ ఇండియాలో 2019 జులై తర్వాత తయారైన కార్లలో డ్రైవర్ పక్క సీటుకి కూడా బెల్టు బీప్ ఉంటుంది, దాని వైరు వేరు. అది మర్చిపోతే సాధారణంగా బీప్ దగ్గరే తేడా తెలుస్తుంది.

కారు మోడల్, సంవత్సరం, స్కానర్లో వచ్చిన 'బి' కోడ్ రాస్తే చూసి చెప్తాను. ఈలోపు మీ మెకానిక్ నిజంగానే బల్బు తీసేశాడేమో తెలియాలంటే, తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూడండి. ఆ లైటు ఒకసారి వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేసి అయినా ఉండాలి, పోయి అయినా ఉండాలి. సెకండ్ హ్యాండ్ కారు కొనబోయేటప్పుడు కూడా నేనిప్పుడు మొదట చూసేది అదే.