మోకాలి పింఛను గురించి తమ్ముడికి

హనుమకొండ

తమ్ముడూ,

నీ వైకల్య పింఛనుపై సైన్యం నుంచి వచ్చిందని నువ్వు పంపిన తిరస్కరణ ఉత్తరం చదివాను. మోకాలి అరుగుదల సర్వీసు వల్ల వచ్చింది కాదట, సర్వీసు వల్ల పెరిగిందీ కాదట. పదిహేనేళ్ల కిందట నాకొచ్చిన దాంట్లోనూ ఇవే మాటలు.

ఆ కోపం మీద అప్పీలు రాయకు. నేను రాశాను, నాలుగు పేజీలు. మెట్లెక్కలేకపోతున్నాను, పీట మీద కూర్చుని అన్నం తినలేకపోతున్నాను, మేడారంలో గద్దెల దాకా నడవలేకపోయాను... అన్నీ నిజాలే. మూడు వరుసల్లో కొట్టేశారు. నాకు నొప్పి లేదని వాళ్లు అననే లేదు. అదెక్కడ మొదలైందన్నదే వాళ్ల ప్రశ్న, దానికి నా నాలుగు పేజీల్లో జవాబు లేదు.

కాబట్టి నువ్వు మోకాలికి దెబ్బ తగిలిన ఆ రోజు గురించి రాయి. ఏ పోస్టు, ఏ డ్యూటీ, వీపున ఎంత బరువు, ఎక్కడ జారావు, ఏ ఆస్పత్రిలో ఎన్నాళ్లున్నావు. యూనిట్ తరఫున వాలీబాల్ ఆడుతూ మోకాలు తిరిగినా అది డ్యూటీ కిందికే వస్తుంది. ఆటలో తగిలిందని చెప్పుకోవడానికి సిగ్గుపడి నష్టపోయినవాళ్లున్నారు.

ముందు ఆ నల్ల ట్రంకుపెట్టె దించు. నాది అమ్మ వడ్ల గుమ్మి వెనకాల పెట్టింది. అడుగున ఒక ఉన్ని మేజోడులో మడిచిన ఆస్పత్రి డిశ్చార్జి స్లిప్పు దొరికింది. సిరా వెలిసిపోయినా తేదీ, 'కుడి మోకాలు' అన్న మాట కనిపిస్తున్నాయి. రెండో అప్పీలు దాని మీదే గెలిచాను. నీకు దొరకకపోతే రికార్డు ఆఫీసుకు రాసి ఇంజురీ రిపోర్టు, మెడికల్ బోర్డు కాగితాల నకళ్లు అడుగు. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు.

మెడికల్ బోర్డు వైకల్యం ఎంత శాతమని వేసిందో చూడు. 20 ఉండాలి, 19 వేస్తే పింఛను లేనట్టే, అప్పుడు దాని మీదా కొట్లాడాలి. 20 ఉండి, సర్వీసుతో సంబంధం తేలితే, 2014 నాటి సుప్రీంకోర్టు రామ్ అవతార్ తీర్పు ప్రకారం దాన్ని 50గా లెక్కిస్తారు. ధరంవీర్ సింగ్ కేసు (2013) కూడా రాయి. చేరేటప్పుడు లోపమేదీ నమోదు కాకపోతే ఆరోగ్యంగా చేరినట్టే భావించాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2023 సెప్టెంబరులో కొత్త నిబంధనలొచ్చాయి గానీ, నువ్వు అంతకుముందే సర్వీసు నుంచి దిగావు.

ఉత్తరం అందిన ఆరు నెలల్లో మొదటి అప్పీలు, అదీ పోతే మరో ఆరు నెలల్లో రెండోది. ఆ తర్వాత సైనిక ట్రిబ్యునల్, మనకు చెన్నై బెంచి. ఆలస్యం చేస్తే పాత బకాయిలు మూడేళ్లకు మించి రాకపోవచ్చు. ఫారాలకు ఇక్కడి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లు. వచ్చిన దాంట్లో వాటా అడిగేవాడి దగ్గరికి మాత్రం వద్దు.

ఆదివారం కాగితాలు పట్టుకుని రా. ఇల్లు రెండో అంతస్తులో ఉంది, పైకి రాకు. కింద టీ కొట్టు దగ్గర కూర్చుందాం, దిగడానికి నాకు పది నిమిషాలు పడుతుంది.

మీ అన్న