షేరు యాప్‌లో ఉండదు

ప్రశ్న: మాది ఆదోని. బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. పది వేలతో షేర్లు కొందామని ఫోనులోనే డీమ్యాట్ ఖాతా తెరిచాను. కొనే తెరలో డెలివరీ, ఇంట్రాడే, మార్కెట్, లిమిట్ అని ఉన్నాయి. దేన్ని నొక్కాలి? ఇంకొకటి. వాట్సాప్ గ్రూపులో ఒకాయన వేరే యాప్ లింకు పంపి, అందులో రోజుకు 5 శాతం లాభం ఖాయమంటున్నాడు. నమ్మవచ్చా?

జవాబు: ముందు రెండోది. నమ్మవద్దు, ఆ లింకు తెరవవద్దు. ఖాయమైన లాభం ఇస్తామని ఏ బ్రోకరూ చెప్పకూడదన్నది షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ నిబంధన. డబ్బు పంపకముందే మీరు అడగడం నాకు పెద్ద ఊరట. ఆ గ్రూపులో ఎవరైనా ఇప్పటికే పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయమనండి. ఆలస్యమైతే ఆ డబ్బు ఖాతాలు దాటిపోతుంది.

మీరు కొన్న షేరు ఏ యాప్‌లోనూ ఉండదు. షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరిచే సంస్థలను డిపాజిటరీలంటారు. ఎన్‌ఎస్‌డీఎల్, సీడీఎస్‌ఎల్ అనే రెండు డిపాజిటరీల్లో ఒకదానిలో మీ షేరు మీ పేరున జమవుతుంది. యాప్ దాన్ని చూపే కిటికీ మాత్రమే. దొంగ యాప్ తన తెరమీద లక్షల లాభం చూపగలదు, డిపాజిటరీలో ఒక్క షేరు కూడా చూపలేదు. మీ ఖాతా సీడీఎస్‌ఎల్‌లో ఉంటే ‘ఈజీ’, ఎన్‌ఎస్‌డీఎల్‌లో ఉంటే ‘ఐడియాస్’ సేవలో పేరు నమోదు చేసుకుంటే మీ షేర్లను నేరుగా చూసుకోవచ్చు.

ఇక కొనే తెర. డెలివరీ ఎంచుకోండి. అందులో కొన్న షేరు మీ ఖాతాకు వస్తుంది, మీకు నచ్చినప్పుడు అమ్ముకోవచ్చు. ఇంట్రాడేలో కొన్నది ఆ రోజే అమ్మాలి. మీరు అమ్మకపోతే మధ్యాహ్నం 3.30కి మార్కెట్ మూసేలోపే బ్రోకరు అమ్మేస్తాడు, నష్టమైనా సరే. దుకాణంలో పని చేసుకుంటూ ఫోను చూస్తూ కూర్చోలేరు కదా.

మార్కెట్, లిమిట్ తేడా మీ ఊరి యార్డులో పత్తి అమ్మే రైతుకు బాగా తెలుసు. వచ్చిన ధరకు ఇచ్చేయడం మార్కెట్ ఆర్డరు. ఇంతకు తగ్గితే ఇవ్వననడం లిమిట్. కొనేటప్పుడు ఇదే తిరగబడుతుంది. 412 రూపాయల లిమిట్ పెడితే షేరు ధర కింద అంతకు మించి ఒక్క పైసా పోదు. కొనుగోళ్లు, అమ్మకాలు పలచగా సాగే షేరులో మార్కెట్ ఆర్డరు పెడితే, తెరమీద చూసిన ధర ఒకటి, చేతికి తగిలే ధర మరొకటి. కొత్తలో లిమిటే వాడండి.

పది వేలను పది కంపెనీలకు చీల్చకండి. అమ్మేటప్పుడు ఒక్కో కంపెనీకి విడిగా డీపీ చార్జీ, అంటే డీమ్యాట్ ఖాతా నుంచి షేర్లు బయటికి పంపే రుసుము, పడుతుంది. ఒక షేరు అమ్మినా వంద అమ్మినా ఆ చార్జీ అంతే.

షేర్ల ధర ముందు ముందు ఎటు పోతుందన్న దానిమీద ఒప్పందాలు కొని అమ్మే ఫ్యూచర్స్, ఆప్షన్స్ విభాగం మీ ఖాతాలో తెరిచి ఉంటే మూయించండి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ల లెక్కలు తీసిన సెబీ, అందులో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని తేల్చింది. నెల జీతం మీద నడిచే ఇంటికి అది వద్దే వద్దు.

మొదటి రోజు ఒక్కటే షేరు కొనండి. తర్వాతి పనిదినం సాయంత్రానికి అది డిపాజిటరీలో మీ పేరున కనబడాలి. కనబడ్డాకే మిగతా డబ్బు వేయండి.