దేశాభిమానం కొన్ని దేశాల్లో ఎక్కువగా, కొన్నిటిలో తక్కువగా ఎందుకుంటుంది? సరిహద్దు ఊరి నుంచి ఒక జవాబు

సంపన్న దేశాల ప్రజలకు దేశాభిమానం ఎక్కువగా ఉంటుందా, లేక యుద్ధాలు గెలిచిన దేశాల వారికా అని మీరు అడిగారు. రెండూ కావని నా అభిప్రాయం. ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్లుగా జర్మనీ ఉత్తర కొసన, డెన్మార్క్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఫ్లెన్స్‌బర్గ్‌లో ఉంటున్నాను. పవన విద్యుత్ రంగంలో పని కాబట్టి అవతలి దేశంలోని ఆఫీసులకూ తరచుగా వెళ్తుంటాను. సరిహద్దుకు రెండు వైపులా అదే సముద్రం, అదే ఈదురుగాలి, దాదాపు ఒకే రకమైన తిండి, ఒకే రకమైన ఎర్ర ఇటుక ఇళ్లు. రెండూ సంపన్న దేశాలే. జనాభాలోనూ ఆర్థిక శక్తిలోనూ జర్మనీ ఎన్నో రెట్లు పెద్దది. అయినా జెండాను మనసారా ఎగరవేసేది మాత్రం అరవై లక్షల జనాభా ఉన్న చిన్న దేశమే.

డెన్మార్క్‌లో ఇంట్లో ఎవరి పుట్టినరోజైనా భోజనాల బల్ల మీద చిన్న జెండా నిలబెడతారు, కేకు మీద కాగితపు జెండాలు గుచ్చుతారు, క్రిస్మస్ చెట్టుకు జెండాల దండలు వేలాడదీస్తారు, విమానాశ్రయంలో బంధువుల కోసం ఎదురుచూసేటప్పుడు జెండాలు పట్టుకుని నిలబడతారు. ఆఫీసులో కూడా పుట్టినరోజు ఎవరిదో తెలుసుకోవాలంటే ఎవరి బల్ల మీద జెండా ఉందో చూస్తే చాలు. పింగళి వెంకయ్య గారు పుట్టిన కృష్ణా జిల్లాలో, జెండా నేలను తాకకూడదని బడిలో పదేపదే వింటూ పెరిగిన నాకు, కేకులో గుచ్చిన జెండాను తీసి పక్కన పడేయడం మొదట్లో మింగుడు పడలేదు. 2002 నాటి ఫ్లాగ్ కోడ్ వచ్చేవరకు మన దేశంలో సామాన్య పౌరుడు ఏడాది పొడవునా తన ఇంటి మీద జెండా ఎగరవేసుకోవడానికి వీలుండేది కాదు. అది పౌరుడి హక్కేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 2004లో. అంటే మన జెండా చాలాకాలం ప్రభుత్వం చేతిలో ఉన్న పవిత్ర వస్తువు, డేన్‌లది (డెన్మార్క్ ప్రజలది) కుటుంబం చేతిలో ఉన్న సంబరపు వస్తువు. ఇక నా జర్మన్ ఇరుగుపొరుగు ఇళ్లకు జెండా వచ్చేది ఫుట్‌బాల్ ప్రపంచకప్ రోజుల్లోనే. పోటీలు ముగిశాక అది తిరిగి అటక ఎక్కుతుంది. 2006లో ప్రపంచకప్ జర్మనీలోనే జరిగినప్పుడు కార్లకు జెండాలు కట్టుకోవడం సబబేనా అన్నది పత్రికల్లో పెద్ద చర్చనీయాంశమైంది.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి ఈ ప్రాంత చరిత్రే చాలు. 1864 వరకు ఫ్లెన్స్‌బర్గ్ ఉన్న ష్లెస్విగ్ సంస్థానం డెన్మార్క్ రాజు ఏలుబడిలో ఉండేది. ఆ ఏడాది ప్రష్యా (నాటి ప్రధాన జర్మన్ రాజ్యం), ఆస్ట్రియా సేనలతో జరిగిన యుద్ధంలో, ముఖ్యంగా డ్యూబల్ దగ్గర ఏప్రిల్ 18న, డెన్మార్క్ ఘోరంగా ఓడిపోయింది. ష్లెస్విగ్, హోల్‌స్టైన్, లావెన్‌బర్గ్ సంస్థానాలతో పాటు రాజ్య జనాభాలో సుమారు ఐదింట రెండు వంతులు చేజారింది. ఆ ఓటమిని డేన్‌లు మరుగున పెట్టలేదు. ఏటా అదే తేదీన అదే యుద్ధభూమిలో సంస్మరణ జరుపుకుంటారు. ఫిరంగి దెబ్బలు తిన్న డ్యూబల్ గాలిమర ఈనాటికీ వారి జాతీయ చిహ్నాలలో ఒకటి. బయట పోగొట్టుకున్నదాన్ని లోపల సంపాదించుకోవాలన్న నినాదంతో వారు బీడు భూములను సాగులోకి తెచ్చారు, రైతుబిడ్డల కోసం ‘జానపద ఉన్నత పాఠశాలలు’ అనే వయోజన విద్యాలయాలను విస్తరించారు (వాటిలో మొదటిది 1844లో ఈ ష్లెస్విగ్‌లోని రొడ్డింగ్‌లోనే పుట్టింది), 1882 నుంచి సహకార పాల డెయిరీలు పెట్టుకున్నారు. సైన్యం మీద గర్వపడే అవకాశం పోయింది కనుక గర్వం భాష మీదికి, పాటల మీదికి, పాల డెయిరీల మీదికి మళ్లింది. ప్రష్యా పాలనలో ఉండిపోయిన ఉత్తర ష్లెస్విగ్ డేన్‌లకు తమ జెండా ఎగరవేయడం నిషిద్ధమైంది. వీధిలో నిషేధించిన వస్తువుకు ఇంట్లో ఎంత విలువ పెరుగుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

1920లో ఇక్కడ ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఉత్తర భాగంలో సుమారు 75 శాతం డెన్మార్క్‌కు, ఫ్లెన్స్‌బర్గ్ ఉన్న భాగంలో సుమారు 80 శాతం జర్మనీకి ఓటు వేయడంతో నేటి సరిహద్దు ఏర్పడింది. రాజు పదవ క్రిస్టియన్ తెల్ల గుర్రమెక్కి పాత సరిహద్దును దాటి వచ్చిన దృశ్యాన్ని అక్కడి వాళ్లు ఇప్పటికీ తలచుకుంటారు. ఆ తర్వాత 1940 నుంచి 1945 దాకా మళ్లీ జర్మన్ ఆక్రమణ. ఇన్ని సందర్భాల్లోనూ డెన్మార్క్ జెండా ఉన్నది దెబ్బ తిన్నవారి పక్షానే.

ఇటువైపు సంగతి వేరు. హిట్లర్ చనిపోయాక నౌకాదళాధిపతి డోనిట్జ్ నాయకత్వంలో మిగిలిన నాజీ ప్రభుత్వం చివరి రోజులు గడిపింది ఫ్లెన్స్‌బర్గ్ నౌకాదళ పాఠశాల ఆవరణలో. 1945 మే 23న బ్రిటిష్ సేనలు వారిని అరెస్టు చేశాయి. ఊరికి పడమట ఉన్న లాడెలుండ్‌లో 1944 చివరి రెండు నెలల్లో నడిచిన నిర్బంధ శిబిరంలో సుమారు 300 మంది చనిపోయారు. నేడు అది స్మారక కేంద్రం. నాజీల బాధితులు నివసించిన ఇళ్ల ముందు కాలిబాటలో వారి పేర్లు చెక్కిన ఇత్తడి పలకలు ఈ ఊళ్లోనూ ఉన్నాయి. ఇవన్నీ చూస్తూ పెరిగిన పిల్లలు జెండాను చేతిలోకి తీసుకునే ముందు ఒక్క క్షణం ఆగుతారు. 1969లో పశ్చిమ జర్మనీ అధ్యక్షుడైన గుస్తావ్ హైనెమన్‌ను దేశాన్ని ప్రేమిస్తారా అని అడిగితే, తాను రాజ్యాలను ప్రేమించననీ, తన భార్యను ప్రేమిస్తాననీ బదులిచ్చారు. మన దేశంలో ఏ రాష్ట్రపతి అయినా ఆ మాట అంటే ఏమవుతుందో ఊహించుకోండి!

ఇది రక్తంలోనో శీతోష్ణస్థితిలోనో ఉన్న గుణం కాదనడానికి బలమైన సాక్ష్యం ఫ్లెన్స్‌బర్గ్‌లోనే ఉంది. సరిహద్దుకు ఇటువైపు సుమారు 50 వేల మంది డేనిష్ మైనారిటీ ప్రజలు ఉన్నారు. వారు జర్మన్ పౌరులే. అయినా ఏటా వేసవి ఆరంభంలో జరిగే తమ వార్షిక సభలకు ఎర్ర తెల్ల జెండాలు పట్టుకుని ఊరేగింపుగా వెళ్తారు. పైగా ఆ మైనారిటీలో ఎవరు చేరాలన్నది ఎవరి ఇష్టం వారిది. 1955లో జర్మనీ, డెన్మార్క్ ప్రభుత్వాలు చేసిన ప్రకటనల ప్రకారం ఏ అధికారీ దాన్ని తనిఖీ చేయకూడదు. ఒకే వీధిలో, ఒకే రకం ముఖాలతో, ఒకే పాస్‌పోర్టుతో ఉన్న రెండు కుటుంబాలలో ఒకటి జెండాను సంబరంగా ఎత్తుకుంటుంది, మరొకటి ఎత్తుకోదు. తేడా అంతా ఆ కుటుంబం ఏ చరిత్రను తనదిగా స్వీకరించిందన్న దానిలోనే ఉంది. కనుక నా దృష్టిలో అసలు ప్రశ్న దేశం గొప్పదా కాదా అన్నది కాదు. దేశ చరిత్ర చెప్పుకునేటప్పుడు ప్రజలు తమను బాధితుల వరుసలో నిలబెట్టుకోగలరా, బాధించిన వారి వరుసలో నిలబడక తప్పదా అన్నదే.

పోలండ్‌నూ జపాన్‌నూ ఇలాగే పరిశీలించవచ్చు. 1795 నుంచి 1918 దాకా పటం మీదే లేకుండా పోయిన పోలండ్‌లో దేశాభిమానం గాఢంగా ఉంటుంది. బాధించిన వారి వరుసలో నిలిచిన జపాన్‌లో జెండాకూ గీతానికీ చట్టబద్ధత వచ్చింది 1999లోనే, అదీ తీవ్ర వివాదాల మధ్య.

అయితే డేన్‌ల గర్వం ఇంత తేలికగా ఉండటానికి మతిమరుపు కూడా కొంత కారణమని నేను మొహమాటం లేకుండా చెబుతాను. తమిళనాట తరంగంబాడిని 1620 నుంచి 1845 దాకా ఏలిందీ, వెస్టిండీస్‌లో బానిసల చేత చెరకు పండించిందీ, ఆ దీవులను 1917లో అమెరికాకు అమ్మిందీ ఈ డెన్మార్కే. నా సహోద్యోగులలో చాలామందికి తరంగంబాడి పేరు నేను చెబితేనే తెలిసింది. డ్యూబల్ గురించి మాత్రం గంటసేపు చెప్పగలరు.

జర్మన్లకు దేశాభిమానమే లేదనుకోవడమూ పొరపాటు. గతాన్ని దాచకపోవడం మీద, 1949 రాజ్యాంగం మీద, మానవ గౌరవం ఉల్లంఘించరానిదన్న దాని మొదటి అధికరణం మీద వారికి గర్వం ఉంది. దీనికి అక్కడి పండితులు రాజ్యాంగ దేశభక్తి అని పేరు పెట్టారు. 2017లో తీవ్ర జాతీయవాద పార్టీ ఏఎఫ్‌డీ నాయకుడు ఒకరు ఈ స్మరణ విధానాన్ని పూర్తిగా వెనక్కి తిప్పాలని బహిరంగంగా కోరారు. ఆ పార్టీ బలం పెరుగుతున్న కొద్దీ ఈ వివాదం ముదురుతూనే ఉంది.

ఇక్కడ స్థిరపడాలనుకునే తెలుగువారికి ఇది నేరుగా ఎదురవుతుంది. 2024 జూన్ నుంచి జర్మన్ పౌరసత్వం తీసుకునేవారు నాజీ పాలన కారణంగా జర్మనీకి ఉన్న ప్రత్యేక చారిత్రక బాధ్యతను అంగీకరిస్తున్నట్టు ప్రకటించాలి. భారత పాస్‌పోర్టు వదులుకోవలసిన బాధ ఎలాగూ ఉంటుంది. దానిపైన, మన తాతముత్తాతలకు ఏ సంబంధమూ లేని నేరం తాలూకు బాధ్యతను మనం నెత్తికెత్తుకోవడం ఏమిటని మా తెలుగు బృందంలో వాదన జరిగింది. ఆ దేశపు పింఛనూ బడులూ రోడ్లూ కావాలనుకున్నప్పుడు దాని బాకీని మాత్రం వద్దనడం కుదరదని నా వాదన. అందరూ ఒప్పుకోలేదు, ఒకరిద్దరు దరఖాస్తును వాయిదా వేసుకున్నారు కూడా.