పెన్సిళ్లు దాచిపెట్టించు

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకి, పేరున్న చిత్రకారుల దారిలో పది ప్రాజెక్టులు. భాష హాయిగా ఉంది. చిక్కల్లా ఒకటే: పదింట్లో తొమ్మిది "ఈ బొమ్మలాగే వేయండి" అంటున్నాయి. అలా రాస్తే క్లాసంతా వాన్ గో చుక్కల రాత్రి, అదే ఒకే 'స్టారీ నైట్' వేస్తుంది, వంకర తిరిగినవాటిని చూసి నలుగురు నవ్వుతారు. "నాకు బొమ్మలు రావు" అని పిల్లలు తీర్మానించుకునే వయసు సరిగ్గా ఇదే.

ఆ చిత్రకారుడు కూర్చున్న చోట కూర్చుని చూడు. ఆయన చేతిలో ఏముంది, ఏం లేదు?

మాటిస్ సంగతే తీసుకో. 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక ఆయన ఎక్కువసేపు నిలబడి వేయలేకపోయాడు. సహాయకులు కాగితాల నిండా గవాష్ అనే చిక్కటి నీటిరంగు పూసి ఇస్తే, కూర్చున్నచోటనే కత్తెరతో నేరుగా రంగులోకి దిగేవాడు. నువ్వేమో "ముందు పెన్సిల్‌తో ఆకు గీసుకుని, గీత వెంట కత్తిరించండి" అన్నావు. గీత గీసేశాక కత్తెరకి మిగిలేది కూలిపనే. పెన్సిళ్లు తీయించెయ్. కత్తెర పట్టిన చేతిని అంతగా తిప్పకుండా, రెండో చేత్తో కాగితాన్ని తిప్పమను. మొదటి ఆకు చిలకముక్కులా వస్తుంది, రానీ. మూడో ఆకుకల్లా వంపు చేతికి పట్టుబడుతుంది. ఆకు పోగా మిగిలిన చిల్లుకాగితాన్ని పారేయనివ్వకు. ఒక్కోసారి ఆకుకన్నా అదే బాగుంటుంది.

కాండిన్‌స్కీ వృత్తాలు ప్రతివాళ్లూ వేయిస్తారు. 1913 నాటి ఆ చదరాలూ వృత్తాలూ ఆయన పూర్తి చిత్రంగా వేసినవి కావు, ఏ రంగు పక్కన ఏ రంగు ఎలా పలుకుతుందో చూసుకున్న చిన్న కాగితం. ఈ ముక్క రాస్తే ప్రాజెక్టు తీరే మారుతుంది. ఒకే ఎరుపుని ఆకుపచ్చ పక్కనా, నారింజ పక్కనా పెట్టించు. ఎక్కడ మండుతోందో వాళ్లే చెబుతారు.

వాన్ గో చెవి కోసుకున్న కథ కొట్టెయ్, పిల్లలకి అదొక్కటే గుర్తుండిపోతుంది. 'స్టారీ నైట్'లోని రాత్రిని ఆయన 1889 జూన్‌లో, పగటిపూట, గుర్తున్నదాన్నిబట్టి వేశాడని రాయి. బొమ్మలో ఉన్న ఊరు తన కిటికీలోంచి కనబడేదే కాదు.

చిన్న చిన్న రంగుచుక్కలతోనే బొమ్మ కట్టిన సెరా ప్రాజెక్టుకి అగ్గిపెట్టెంత కాగితం చాలని చెప్పు. 'గ్రాండ్ జట్' చిత్రానికి ఆయనకే దాదాపు రెండేళ్లు పట్టింది.

ఇక నా పరువు తీసిన సంగతి. తొలిరోజుల్లో మోండ్రియాన్ మీద రాస్తూ, "నల్లగీతలు గీసి, గళ్లలో రంగులు నింపండి" అన్నాను. ఆరనివ్వమని రాయలేదు. తడి నలుపు పసుపులోకి పాకింది. పసుపులో నలుపు కలిస్తే వచ్చేది పాచిరంగు. "మీరొక్కసారైనా వేసి చూశారా?" అని ఒక టీచరు ఉత్తరం రాసింది. చూడలేదు. అప్పట్నుంచీ నా చేత్తో చేయనిదే ఒక్క వాక్యం రాయను, ఏది ఎంతసేపట్లో ఆరిందో పక్కనే రాసుకుంటాను.

పది వద్దు, మూడు చాలు. ఆ మూడూ ముందు నువ్వు చెయ్యి. తిరగరాసిన ప్రతితోపాటు నువ్వు కత్తిరించిన మొదటి ఆకు కూడా పంపు. చిలకముక్కులాంటిదే.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ