కొత్తవాడ జంపఖానా కోసం క్రెడిట్ కార్డు అప్పా?

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంటి ఆదాయం నెలకు 42,000, ఖర్చు 34,000. బ్యాంకులో 22,000 ఉన్నాయి. ఈ దసరాకు ఆడబిడ్డలు, అన్నదమ్ములు కలిపి 12 ఇండ్లకు ఆన్‌లైన్ సామాను కాకుండా వరంగల్ కొత్తవాడ జంపఖానాలు, పెంబర్తి ఇత్తడి కుందులు, చేర్యాల బొమ్మలు పెట్టాలని ఉంది. 60,000 అవుతుంది. ఆ చేతిపని వాళ్ల దగ్గర కార్డు నడవదు కాబట్టి క్రెడిట్ కార్డు మీద ఏటీఎంలో నగదు తీసి, నెలకు 6,000 చొప్పున కట్టేద్దామనుకుంటున్నాను. మన చేతిపని వాళ్లకే కదా పోయేది, తప్పా?

జవాబు: అమ్మా, కొనాలనుకున్న చోటు మంచిది. డబ్బు తెచ్చే చోటే బాగాలేదు. పండుగ ముందు ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి. మంచి పనికే కదా అనుకోగానే అప్పంటే భయం పోతోంది.

కార్డుతో సామాను కొంటే దొరికే వడ్డీ లేని గడువు నగదుకు ఉండదు. తీసిన రోజు నుంచే వడ్డీ మొదలు. మీ కార్డుకు ఫీజు 2.5 శాతం, వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుందాం. చాలా కార్డులు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. అసలు నెలకు 6,000 చొప్పున తీరుస్తూ వడ్డీ వేరుగా కడితే, 10 నెలల్లో వడ్డీ 11,550, ఫీజు 1,500, వాటి మీద 18 శాతం జీఎస్టీ. అన్నీ కలిపి దాదాపు 15,400. ఇందులో ఒక్క రూపాయి కూడా కొత్తవాడకు చేరదు.

దానికంటే నాకు టెన్షన్ పెట్టింది మీ 22,000. మీ ఇంటికి అది ఇరవై రోజుల ఖర్చు కూడా కాదు. నెలకు మిగిలే 8,000లో దాదాపు అంతా కార్డుకే పోతే, వచ్చే పది నెలలు ఇంట్లో ఎవరు మంచం పట్టినా మళ్లీ అప్పే. ఆరు నెలల ఖర్చు, అంటే 2,04,000 పక్కన ఉండాలి. చిట్టీ కడుతున్నామని దాన్ని ఇందులో లెక్కేయకండి. ఆసుపత్రి వాళ్లు మీ పాట వచ్చేదాకా ఆగరు.

రెండేళ్ల కింద నా దగ్గరికి వచ్చిన ఒకాయన తన ఇంటిపేరుతో ఎనిమిది జంపఖానాలు నేయమని కొత్తవాడలో ఒక నేతన్నకు చెప్పాడు. కొంత అడ్వాన్స్ ఇచ్చాడు, అదీ కార్డు మీద తీసిందే. మధ్యలో తండ్రికి గుండె ఆపరేషన్. కార్డు లిమిట్ అయిపోయింది, చేతిలో ఏమీ లేదు. జంపఖానాలు తీసుకోలేకపోయాడు. తర్వాత నేను వెళ్లి చూస్తే మగ్గం గదిలో గోడవారన మడతలు పెట్టి ఉన్నాయి, అంచు మీద ఎర్రనూలుతో ఆ ఇంటిపేరు. ఇంకొకరి పేరున్న జంపఖానా ఎవరు కొంటారు? మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని రోజులకు రోజులు నేసిన మనిషికి కూలీ రాలేదు, నూలు డబ్బులూ రాలేదు. వరంగల్ దరీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నేతన్నకు కావలసింది మాత్రం చెప్పిన రోజున డబ్బు ఇచ్చే గిరాకీ.

కాబట్టి ఈ దసరాకు ఈ నెల మిగిలే 8,000తోనే సరిపెట్టండి. పెద్దవాళ్ల ఇంటికి ఒక జంపఖానా, పిల్లలున్న ఇండ్లకు చిన్న చేర్యాల మాస్కులు. మిగతా వాళ్లకు వచ్చే ఏడు. వచ్చే నెల నుంచి 5,000 అత్యవసర నిధికి, 2,000 పండుగ పేరు మీద రికరింగ్ డిపాజిట్‌కు వేయండి. వచ్చే దసరాకు 24,000, పైన వడ్డీ. బంగారం కుదువ పెడితే వడ్డీ తక్కువే, కానీ పెట్టుపోతలకు వద్దు. లోన్ యాప్‌ల జోలికి అసలే పోకండి. ప్రధానమంత్రి సురక్షా బీమా అనే ప్రమాద బీమా ఏడాదికి 20 రూపాయలే, ఇంట్లో సంపాదించేవాళ్లకు ఈ వారమే చేయించండి.

కొత్తవాడకు వెళ్లినప్పుడు బేరమాడకండి, తీసుకున్నప్పుడే మొత్తం ఇచ్చేయండి. పేరు నేయించాలనుకుంటే మాత్రం పూర్తి డబ్బు చేతిలో ఉన్నాకే చెప్పండి.