ఆవిరి బస్సా, బొగ్గు బస్సా?

సందేహం: 1830ల్లో లండన్‌లో తిరిగిన బస్సుల గురించి వ్యాసం రాస్తున్నాను. వాటిని ‘బొగ్గు బస్సులు’ అనవచ్చా? ‘ఆవిరి బస్సు’ వైరి సమాసమనీ, ‘బాష్ప శకటం’ అనాలనీ ఒక మిత్రుడి వాదన. వాటిమీద పనిచేసినవాళ్లందరినీ డ్రైవర్లంటే సరిపోతుందా?

సమాధానం: ‘ఆవిరి బస్సు’ అనే రాయండి. తెలుగు మాటనూ సంస్కృతం మాటనూ సంస్కృత పద్ధతిలో అతికించినప్పుడు కదా వైరి సమాసం గొడవ! ఇక్కడ సంస్కృతమే లేదు. ఆవిరి మన మాట, బస్సు మనం ఎప్పుడో సొంతం చేసుకున్న మాట. బాష్పమంటే ఆవిరే, కాదనను. కానీ తెలుగువాడికి ఆ మాట వినగానే కన్నీళ్లు గుర్తొస్తాయి. శకటమంటే ఇప్పుడు గణతంత్ర దినోత్సవ ఊరేగింపే. రెండూ కలిపితే పాఠకుడు ఏమనుకుంటాడో మీ మిత్రుణ్ణే అడగండి.

1830ల నాటికి బస్సు అనే మాట ఉందా అని టెన్షన్ పడనక్కర్లేదు. జార్జ్ షిలిబీర్ అనే బండ్ల తయారీదారు 1829లోనే లండన్‌లో గుర్రాల ‘ఆమ్నిబస్’ నడిపాడు. ఆ పేరుకు తోకే మన బస్సు. వాల్టర్ హాన్‌కాక్ 1833లో ‘ఎంటర్‌ప్రైజ్’ అనే ఆవిరి బండిని లండన్‌లోనే లండన్ వాల్ అనే వీధి నుంచి పాడింగ్టన్‌కు తిప్పాడు. దాన్ని బస్సు అనడానికి ఏ అడ్డూ లేదు.

‘బొగ్గు బస్సు’ మాత్రం వద్దు. హాన్‌కాక్ బండి కోక్‌తో, అంటే గాలి తగలకుండా కాల్చిన రాతిబొగ్గుతో, నడిచింది కాబట్టి ఆ పేరు తప్పేమిటని మీకనిపించవచ్చు. కానీ మన పెద్దవాళ్లకు బొగ్గు బస్సంటే వేరే బండి. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు దొరక్క, బస్సుకు డ్రమ్ములాంటి పొయ్యి బిగించి, కర్రబొగ్గును చాలీచాలని గాలితో మండించి, వచ్చిన గ్యాసుతో మామూలు పెట్రోలు ఇంజన్నే నడిపేవారు. పొయ్యి రాజుకోవడానికి ఒకరు చేత్తో బ్లోయర్ తిప్పాలి. అందులో ఇంజన్ను నడిపేది ఆవిరి కాదు. ఆవిరి బండికీ ఇదే పేరు పెడితే చదివేవాడు రెండింటినీ ఒకటే అనుకుంటాడు.

ఇక మనుషుల సంగతి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. హాన్‌కాక్ బండిమీద ముగ్గురు పనిచేసేవారు. ముందు కూర్చుని బండిని మలుపు తిప్పేవాడు ఒకడు. వెనక ఇంజన్నూ బాయిలర్లో నీటినీ కనిపెట్టి ఉండేవాడు ఇంకొకడు. నిప్పు ఆరకుండా కోక్ వేసేవాడు మూడోవాడు. అందరినీ కలిపి డ్రైవర్లనేస్తే బండి ఎలా నడిచిందో పాఠకుడికి తెలియదు. మొదటివాణ్ణి డ్రైవర్ అనండి, రెండోవాణ్ణి ఇంజనీరు అనండి. మూడోవాడికి మన రైల్వేవాళ్ల ‘ఫైర్‌మన్’ అచ్చంగా సరిపోయేదే గానీ, ఆ మాట వినగానే ఇప్పుడందరికీ మంటలార్పేవాడే తోస్తాడు. వీడు చేసేది సరిగ్గా దానికి తలకిందుల పని! అందుకని ‘పొయ్యి చూసేవాడు’ అని విడమరచి రాయడమే మేలు. ఫ్రెంచివాళ్లు ఇలాంటివాణ్ణి ‘షోఫర్’ అన్నారు, అంటే వేడి చేసేవాడు. తర్వాత కారు నడిపేవాడికి అదే పేరు స్థిరపడింది. మనకు అలాంటి మాట దొరకలేదు.

మీ వ్యాసం 20వ శతాబ్దం దాకా వస్తే ఈ చిక్కు ఉండదు. థామస్ క్లార్క్‌సన్ ఆవిరి బస్సులు 1909 నుంచి 1919 వరకు లండన్‌లో తిరిగాయి. వాటి ఇంధనం కిరోసిన్. కోక్ వేసే మనిషితో పనిలేదు. వాటి విషయంలో డ్రైవర్, కండక్టర్ అని ధైర్యంగా రాసేయండి.