గుర్రప్పిల్ల బొడ్డు రెండో రోజుకీ తడిగా ఉంటే పసుపు పెట్టొచ్చా?

వద్దండీ, ఈరోజే వెటర్నరీ డాక్టర్‌ని పిలిపించండి. బొడ్డు ఒకటి రెండు రోజుల్లో ఎండిపోవాలి. పిల్ల మూత్రం పోసేటప్పుడు బొడ్డులోంచి కూడా చుక్కలు పడుతున్నాయేమో చూడండి. కడుపులో ఉన్నప్పుడు మూత్రం వెళ్లే దారి ఒకటి పుట్టాక మూసుకుపోవాలి. అది మూసుకోకపోతే బొడ్డు ఎప్పుడూ తడిగానే ఉంటుంది, క్రిములకు దారి తెరిచిపెట్టినట్టే.

పసుపు, బూడిద, పేడ ఏదీ పెట్టకండి. పేడతో ధనుర్వాతం భయం కూడా ఉంది. మా దగ్గర 0.5 శాతం క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములను చంపే మందు వాడతాం. చిన్న కప్పులో పోసి, బొడ్డు మొత్తం మునిగేలా పొట్టకు ఆనించి పట్టుకుంటాం. మొదటి రోజు ఆరేడు గంటలకోసారి. 7 శాతం అయోడిన్ మాత్రం వద్దు, చర్మం కాలి పుండవుతుంది. ఈనినప్పుడు బొడ్డుతాడు కత్తిరించే తొందరా వద్దు. తల్లి లేచినప్పుడో, పిల్ల కదిలినప్పుడో దానంతటదే తెగుతుంది.

నన్నడిగితే మందుకన్నా జున్నుపాలు ముఖ్యం. గుర్రాల్లో తల్లి యాంటీబాడీలు, అంటే రోగాలతో పోరాడే పదార్థాలు, కడుపులో ఉండగా పిల్లకు అందవు, ఈ పాలతోనే రావాలి. పిల్ల గంటలో నిలబడి, రెండు గంటల్లో పాలు తాగాలి. ఒక రోజు దాటాక తాగినా పేగు ఆ యాంటీబాడీలను లోపలికి తీసుకోదు. మీ పిల్ల ఆలస్యంగా తాగి ఉంటే రక్తంలో ఐజీజీ (ఆ యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చెప్పే) పరీక్ష చేయించండి. డెసిలీటరుకు 800 మిల్లీగ్రాములకి పైన ఉంటే నిశ్చింత, 400 లోపుంటే ప్లాస్మా (యాంటీబాడీలుండే రక్తద్రవం) ఎక్కించాల్సి రావచ్చు.

బొడ్డు లావుగా, వేడిగా ఉండటం, ముట్టుకుంటే పిల్ల గింజుకోవడం, చీము, వాసన ఇవన్నీ అందరికీ తెలిసేవే. ఇబ్బంది ఏంటంటే, పైకి శుభ్రంగా ఎండినా లోపల చీము పట్టి ఉండొచ్చు. అది స్కానింగ్‌లోనే బయటపడుతుంది. జబ్బు పడ్డ పిల్ల పాలు తాగడం మానేస్తుంది, అందుకే నేను తల్లి పొదుగు చూస్తాను. పొదుగు బిగిసి పాలు కారుతుంటే, పిల్ల నుదుటి మీద పాల చారలుంటే, అది పొదుగు దాకా వెళ్తోంది గానీ తాగడం లేదని అర్థం. బొడ్డులోంచి క్రిములు రక్తంలో కలిసి కీళ్లకూ చేరొచ్చు. మా పిల్ల ఒకటి వారం తిరక్కుండానే కుంటింది. తల్లి తొక్కిందని అందరూ తేల్చేశారు. డాక్టర్ సూదితో కీలులోంచి నీరు తీస్తే చీము వచ్చింది. కీలు కడిగి వారాల తరబడి ఇంజెక్షన్లు ఇస్తే గట్టెక్కింది. ఈ వయసులో కుంటితే ముందు కీలు ఇన్ఫెక్షన్ అనే అనుకోవాలని ఆయన మాట.

డాక్టర్ వచ్చేలోపు థర్మామీటర్‌తో జ్వరం చూసి రాసి పెట్టండి. 102 ఫారన్‌హీట్ దాటితే ఆ మాట ఫోన్‌లోనే చెప్పేయండి.